పది మంది ఉండే డూప్లెక్స్ ప్లాన్: ముగ్గు పోసే ముందు ఏం చూసుకోవాలి?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, మధ్యలో వచ్చి చదివేవాళ్లకి అర్థం కావాలి కదా. బాపట్ల దగ్గర తూర్పు రోడ్డు ఉన్న స్థలం. రోడ్డు వైపు 54 అడుగులు, లోపలికి 66 అడుగులు, అంటే 396 గజాలు. అమ్మానాన్న, ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల భార్యలు, నలుగురు పిల్లలు, మొత్తం పది మంది. నాన్నగారికి 72 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. 42 × 48 కొలతలో కింద రెండు, పైన నాలుగు బెడ్‌రూమ్‌లు, ఏడు బాత్‌రూమ్‌లు, మధ్యలో పై స్లాబ్ దాకా ఎత్తు వదిలిన 22 × 20 హాలు, ఆ హాల్లోంచే మెట్లు. "ప్లాన్ ఇంట్లో అందరికీ నచ్చింది, వాస్తు కూడా చూపించాం, వచ్చే నెల శంకుస్థాపన, ఇంకేమైనా మార్చాలా?" అని అడిగారు.

మార్చాలి. గదుల లెక్క సరిపోయింది, దిక్కులు కూడా కుదిరాయి, వాటి జోలికి నేను పోను. కానీ ఈ ప్లాన్‌తో మాత్రం ముగ్గు, అంటే పునాదులు తీయడానికి నేల మీద వేసే సున్నం గీతలు, పోయించకండి. మెట్లు, హాలు, వంటిల్లు ఈ మూడూ మళ్లీ గీయాలి. మిగతావి చిన్న సవరణలు. పునాదులు తీయకముందు ఇదంతా కాగితం ఖర్చే, తీశాక సిమెంటు ఖర్చు.

నేను సివిల్ డిప్లొమా చేసి 23 ఏళ్లుగా గుంటూరు, తెనాలి, బాపట్ల వైపు ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. సగానికి పైగా ఇళ్లు సైట్లో నిలబడి కట్టించాను కూడా, కాబట్టి గీతలో నేను చేసిన తప్పులు గోడలై నాకే ఎదురుపడ్డాయి. అందరూ ప్లాన్ చూసేటప్పుడు ఎన్ని గదులు, ఎంత సైజు అనే చూస్తారు. నేను మాత్రం పెన్సిల్ తీసుకుని పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఆ ఇంట్లో మనుషులు నడిచే దారులు గీస్తాను. ఎవరు ఎక్కడ నిద్ర లేస్తారు, పాలు ఎవరు తీసుకుంటారు, నలుగురు పిల్లలు స్కూలు బస్సుకి ఎటు నుంచి దిగుతారు, పనమ్మాయి ఏ గుమ్మంలోంచి వస్తుంది. మీ ప్లాన్ మీద కూడా గీశాను. పది నిమిషాల్లో హాలంతా బస్టాండ్ అయిపోయింది.

దానికంటే ముందు ఒక చిన్న కూడిక. మీ పడమటి వరసలో నైరుతి గది 16, దాని బాత్‌రూమ్ 6, పక్క బాత్‌రూమ్ 6, వాయవ్యం గది 14 అని రాసి ఉంది. కలిపితే 42. ఇంటి వెడల్పు కూడా 42. మరి గోడలు ఎక్కడ? బయటి గోడలు రెండు, ఒక్కోటి 9 అంగుళాలు. లోపలి గోడలు మూడు, ఒక్కోటి నాలుగున్నర. అన్నీ కలిపితే రెండు అడుగుల ఏడున్నర అంగుళాలు. అది ఏదో గదిలోంచి పోవాల్సిందే, ఏ గదిలోంచి అనేది సైట్లో మేస్త్రి నిర్ణయిస్తాడు, మీరు గృహప్రవేశం తర్వాత బీరువా పట్టనప్పుడు తెలుసుకుంటారు. ప్లాన్ మీద రాసినవి గోడ మధ్య నుంచి మధ్యకి కొలతలా, లోపలి ఖాళీ కొలతలా అని మీ ఇంజనీరుగారిని అడిగి, లోపలి కొలతలే రాయించుకోండి. ఇది ప్రతి వరసకీ చేయాలి, అడ్డంగానూ నిలువుగానూ.

ఇక మెట్లు. నన్ను బాగా ఆపేసింది ఇదే.

ఇంటిని నిలువుగా కోసినట్టు చూపించే సెక్షన్ డ్రాయింగ్‌లో కింది ఫ్లోరింగ్ నుంచి పై ఫ్లోరింగ్‌కి 11 అడుగులు ఉంది. అంటే 132 అంగుళాలు. ఎన్ని మెట్లో వేలు పెట్టి లెక్కపెట్టాను, 16 ఎత్తులు వచ్చాయి. 132ని 16తో భాగిస్తే ఒక్కో మెట్టు ఎనిమిదింపావు అంగుళాలు! నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకి మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదంటుంది, అంటే ఏడున్నర అంగుళాలు. అది కూడా గరిష్ఠం, ఆ ఎత్తే వేయమని కాదు. మోకాళ్ల నొప్పి ఉన్నాయన సంగతి వదిలేయండి, బట్టల బుట్ట పట్టుకుని రోజుకి నాలుగుసార్లు ఎక్కే మీ ఇంటి ఆడవాళ్లకి ఐదేళ్లలో ఆ నొప్పులు వస్తాయి. ఆరు, ఆరున్నర అంగుళాలైతే హాయిగా ఎక్కొచ్చు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని మీ ఇంట్లో పట్టింపు ఉంటే 21 వేయండి, ఒక్కోటి 6.3 అంగుళాలు వస్తుంది. కాలు పెట్టే పలక పది అంగుళాలకి తగ్గకూడదు. అలా 11 ఒక వైపు, 10 ఒక వైపు వేస్తే పొడవు 12 అడుగులు, వెడల్పు ఏడున్నర, ఎనిమిది అడుగులు కావాలి. మీ ప్లాన్‌లో మెట్లకి వదిలింది పదడుగుల పొడవే, అందుకే మీ ఇంజనీరుగారు మెట్టు ఎత్తు పెంచేసి లోపల సర్దేశారు.

ఆ మెట్ల మలుపు కింద కామన్ టాయిలెట్ పెట్టారు చూశారా, దాని ఎత్తు లెక్కేయండి. ఎనిమిది మెట్లకి 66 అంగుళాలు, అందులో స్లాబ్ మందం, ప్లాస్టరింగ్ తీసేస్తే మిగిలేది ఐదడుగులు. చుట్టం వస్తే వంగి వెళ్లి వంగి రావాలి. కొంతమంది టాయిలెట్ నేలని ఒక అడుగు కిందకి దించి సర్దుతారు, అప్పుడు నీళ్లు బయటకి పోయే వాలు చాలదు, వానాకాలం వెనక్కి తన్నుతాయి. నేనూ నా మూడో సంవత్సరంలో ఒక ఇంటికి ఇలాగే పెట్టాను. ఆ ఇంటాయన ఇప్పటికీ ఎక్కడ కనపడినా నన్ను చూసి తల వంచి నడుస్తాడు, నవ్వుతూనే అనుకోండి.

మెట్లని హాల్లోంచి తీసి దక్షిణం వరసలోకి మార్చండి. అక్కడ చోటెక్కడ ఉందంటారా? మీ దక్షిణం వరస చూడండి: ఆగ్నేయంలో వంటిల్లు 10 × 12, తర్వాత డైనింగ్ 21 × 12, తర్వాత నైరుతి గది 14. పది మందికి ముగ్గురు ఆడవాళ్లు వండే ఇంట్లో వంటిల్లు కంటే డైనింగ్ రెండింతలుంది! తినేది మూడు పూటలా కలిపి గంటన్నర, వండేది తెల్లారి కాఫీ నుంచి రాత్రి పాలు తోడేసే దాకా. నేనైతే ఆ వరసని ఇలా కోస్తాను: వంటిల్లు 13, స్టోరు 6, నడవ 4, మెట్లు 8, నైరుతి గది 14. కూడితే 45. గోడలకి రెండు అడుగుల ఏడున్నర అంగుళాలు కలపండి, 48 అడుగుల్లో ఇంకా నాలుగున్నర అంగుళాలు మిగిలింది. నడవకీ మెట్లకీ మధ్య గోడ అక్కర్లేదు. దక్షిణం మధ్యలో మెట్లకి సాధారణంగా వాస్తు చెప్పేవాళ్లు అడ్డు చెప్పరు, మీకు వాస్తు చూసినాయన్ని ఒకమాట అడగండి.

ఆ నాలుగడుగుల నడవ చివర, దక్షిణం సందులోకి ఒక తలుపు పెట్టమంటున్నాను. దానికి రెండు కారణాలు. ఒకటి, పిల్లలు బురద కాళ్లతో, పనివాళ్లు సామాన్లతో హాలు తొక్కకుండా పైకి వెళ్తారు. రెండోది చెప్పడానికి కాస్త ఇబ్బందే గానీ చెప్పాలి. రేపు పిల్లలు పెద్దవాళ్లై, అన్నదమ్ములిద్దరూ వేరుగా వండుకోవాలనుకుంటే, లేదా ఒకరు ఉద్యోగం మీద వేరే ఊరు వెళ్లి పైభాగం అద్దెకివ్వాలనుకుంటే, హాల్లోంచి మెట్లున్న ఇల్లు కుదరదు. తెనాలిలో నేను గీసిన ఒక ఇల్లు అలాగే అయింది. మహా వైభవంగా హాలు మధ్యలో టేకు రైలింగ్‌తో మెట్లు. ఎనిమిదేళ్లకి అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇప్పుడు ఆ ఇంటి ముందు, పోర్టికో పక్కనే, ఇనప మెట్లు. టేకు మెట్లకి పైన ప్లైవుడ్ కొట్టేశారు. అందుకే కలిసుండే కుటుంబం అని ఎంత గట్టిగా చెప్తే నేను అంత జాగ్రత్తగా రెండో దారి పెడతాను. పై అంతస్తులో కూడా ఒక మూల నీళ్ల పైపు, డ్రైనేజీ పాయింట్ వదిలేయించండి. ఎందుకని ఎవరైనా అడిగితే రాత్రిపూట పిల్లలకి పాలు కాచుకోవడానికని చెప్పండి, నిజంగా అందుకు కూడా పనికొస్తుంది.

మెట్ల గది దక్షిణం గోడకి మలుపు దగ్గర పెద్ద కిటికీ గానీ జాలీ గానీ పెట్టండి. మీది బాపట్ల కాబట్టి సాయంత్రం పైరగాలి అటు నుంచే కదా.

వంటిల్లు గురించి ఇంకొంచెం. సైజు ఒక్కటే చాలదు. మీ ప్లాన్‌లో ఫ్రిజ్ గీయలేదు, గ్రైండర్ లేదు, గ్యాస్ బండలు ఎక్కడో లేదు, 25 కేజీల బియ్యం బస్తాలు ఎక్కడ పెడతారో లేదు. అంట్లు తోమేచోటు అసలే లేదు. పెద్ద కుటుంబంలో సింకులో అంట్లు తోమడం అయ్యే పని కాదండీ, బిందెలు, డేగిసాలు పట్టవు. వంటింటికి దక్షిణం సందులోకి తలుపు, బయట నల్లరాయి గట్టు, పంపు, చేపలు కడిగినా వాసన లోపలికి రాకుండా. వాషింగ్ మెషిన్ పాయింట్ కూడా అక్కడ వద్దు, బట్టలు ఆరేసేది మేడ మీద కాబట్టి మెషిన్ పైనే ఉండాలి. తడి బట్టల బకెట్ మోసుకుని 21 మెట్లు ఎవరెక్కుతారు?

మూడేళ్ల క్రితం పొన్నూరు దగ్గర ఒక సైట్లో ముగ్గు పోశాక ఆ ఇంటి పెద్దావిడని తీసుకొచ్చారు. నేను సున్నం గీతల మధ్య నిలబడి, ఇదిగోనమ్మా స్టవ్, ఇదిగో సింకు, ఇక్కడ ఫ్రిజ్ అని చూపిస్తున్నాను. ఆవిడ అంతా విని, చెప్పులు విప్పి, గీత దాటకుండా గుమ్మం అన్నచోటు నుంచే లోపలికి వచ్చి, చుట్టూ చూసి, "మరి నేను కూర్చుని కూర తరుక్కునేది ఎక్కడ నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా ప్లాట్‌ఫారాలన్నీ నిలబడేవాళ్ల కోసమే. ఆ రోజే కిటికీ కింద 18 అంగుళాల ఎత్తులో, నాలుగడుగుల అరుగు ఒకటి కలిపాం. ఇప్పుడు ఆ ఇంట్లో అందరూ కూర్చునేది దాని మీదే అని వాళ్లబ్బాయి చెప్పాడు. మీ అమ్మగారిని కూడా ఒకసారి అడగండి, ప్లాన్ కాగితం చూపించి కాదు, సైట్లో నిలబెట్టి.

హాలు విషయానికొస్తే, 440 చదరపు అడుగుల హాల్లో సోఫా వేయడానికి ఒక్క గోడ లేదు! సింహద్వారం, పూజగది, డైనింగ్, రెండు పడకగదులు, టాయిలెట్, మెట్లు, మొత్తం ఏడు దారులు. టీవీ ఎదురుగా కూర్చుంటే ప్రతి రెండు నిమిషాలకీ ఎవరో ఒకరు అడ్డం నడుస్తారు. మెట్లు, టాయిలెట్ తీసేస్తే, డైనింగ్ టేబుల్‌ని హాల్లోనే దక్షిణపు గోడ వెంబడి వంటింటి గుమ్మానికి దగ్గరగా వేస్తే, ఉత్తరం వైపు సోఫాలకి గోడ దొరుకుతుంది. సోఫాలకీ టేబుల్‌కీ మధ్య మూడున్నర అడుగుల దారి దానంతటదే ఏర్పడుతుంది. ఎనిమిది మంది టేబుల్ ఏడడుగులు ఉంటుంది, కుర్చీ వెనక్కి జరపడానికి చుట్టూ రెండున్నర అడుగులు వదలాలి, అది గీసి చూసుకోండి. చేతులు కడుక్కునే బేసిన్ మాత్రం సింహద్వారానికి ఎదురుగా వద్దు.

పై దాకా ఎత్తున్న హాలు మీకు వద్దని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు, తెలుసు. ఫొటోల్లో బాగుంటుంది, నిజమే. కానీ కింద మిక్సీ వేస్తే పైన నిద్రపోయే పసిపిల్లాడు లేస్తాడు, తాలింపు ఘాటు నాలుగు బెడ్‌రూమ్‌లకీ పోతుంది, ఏసీ పెడితే చల్లదనం అంత ఎత్తు గాలికీ పంచాలి, బల్బు మార్చాలంటే సెంట్రింగ్ వాళ్ల నిచ్చెన తేవాలి. పాత మండువా ఇల్లు కూడా ఇదే కదా అంటారు. కాదండీ, మండువా పైన ఆకాశం ఉండేది, వేడి, పొగ అందులోంచి బయటకి పోయేవి. మనం పైన మూత పెట్టి మండువా అంటున్నాం. స్లాబ్ వేసేస్తే పైన పిల్లలు చదువుకోవడానికి, ఆడుకోవడానికి పెద్ద గది వస్తుంది. నలుగురు పిల్లలున్న ఇంటికి అది కింది హాలు కంటే ఎక్కువ వాడకం.

అయితే రెండు మెలికలున్నాయి. ఒకటి, 20 అడుగులు మధ్యలో పిల్లర్ లేకుండా స్లాబ్ అంటే బీములు లోతుగా వస్తాయి, స్ట్రక్చరల్ ఇంజనీరు మళ్లీ డిజైన్ చేయాలి, మేస్త్రి అంచనాతో కానివ్వకండి. రెండు, హాలు మధ్యలో చీకటి పడే ప్రమాదం ఉంది. అందుకని ఆరడుగుల చదరం ఒక్కటి తెరిచి ఉంచి, పై స్లాబ్‌లో కూడా దానికి సరిగ్గా పైనే తెరిచి, మూతకి గట్టి గాజు, పక్కల్లో గాలి పోయేలా ఏటవాలు పలకల లూవర్లు పెట్టించండి, పై అంతస్తులో చుట్టూ పిల్లలు ఎక్కలేని రైలింగ్‌తో. వెలుతురు వస్తుంది, వేడి పైనుంచి పోతుంది. చప్పుడు కొంత పైకి వెళ్తుంది, దానికి మందు లేదు.

నైరుతి గది అమ్మానాన్నలకి ఇచ్చారు, మంచిదే, కానీ ఎండాకాలం రాత్రి ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వేడెక్కి ఉండే గది అదే. చాలామంది దక్షిణం ఎండ అని భయపడి దక్షిణం కిటికీలు మూసేస్తారు. మన దగ్గర మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, దక్షిణం గోడకి రెండడుగుల సజ్జ సరిపోతుంది. అసలు శత్రువు పడమటి ఎండ. అది కిందుగా వస్తుంది కాబట్టి సజ్జ ఆపలేదు, గోడ సాయంత్రం దాకా పీల్చుకుని రాత్రంతా లోపలికి వదులుతుంది. పడమటి గోడ పొడవునా రెండడుగుల లోతు కబోర్డులు కట్టేస్తే మంచం మీద పడుకున్నవాళ్లకి ఆ వేడి తగలదు. దక్షిణం గోడకి పెద్ద కిటికీ పెట్టుకోండి.

ఆ గది బాత్‌రూమ్ సైజు ఫర్వాలేదు. తలుపు రెండడుగుల మూడంగుళాలు గీశారు, అది మూడడుగులు చేయండి, వాకర్‌తో వెళ్లాలంటే అది కావాలి. తలుపు బయటకి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే, లోపల మనిషి పడిపోయినప్పుడు తలుపుకి అడ్డం పడతాడు, తీయలేం. గడప వద్దు, నేల అరంగుళం కిందకి చాలు, కమోడ్ పక్క గోడకి ఇప్పుడే పట్టుకునే రాడ్ బిగించేంత గట్టిదనం ఉంచండి. మొత్తం ఏడు బాత్‌రూమ్‌లని చెప్పుకోవడమే గానీ పెరట్లో ఒక్కటీ లేదు. ఆ మెట్ల కింది టాయిలెట్ తీసేసి అదే బయట కట్టండి. పొలం నుంచి వచ్చినవాళ్లు, డ్రైవరు, పనివాళ్లు అందరికీ అదే కావాలి.

ఇంకొకటి మీరే ఇంట్లో చేయగలిగింది. కింది ప్లాన్, పై ప్లాన్ ఒకే స్కేలులో ప్రింట్ తీయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పగలు కిటికీ అద్దానికి ఆనించి చూడండి. నేను చూశాను. పడమటి వైపు బాత్‌రూమ్‌ల మీద బాత్‌రూమ్‌లు సరిగ్గా కూర్చున్నాయి, బాగుంది. కానీ పైన ఈశాన్యం గది బాత్‌రూమ్ కింద మీ పూజగది ఉంది. వాస్తు చూసినాయన రెండు కాగితాలూ విడివిడిగా చూసినట్టున్నారు. పట్టింపు సంగతి అటుంచండి, ఏదో ఒకరోజు చెమ్మ దిగుతుంది, దిగితే దేవుడి పటాల మీదే. దాన్ని పక్కకి జరిపి, కింద పైపు బయటి గోడ వెంబడి దిగేలా మార్పించండి.

మీ ఇంజనీరుగారితో గొడవపడకండి. ఆయన మీరడిగిన ఆరు బెడ్‌రూమ్‌లు, ఏడు బాత్‌రూమ్‌లు, డబుల్ హైట్ హాలు అన్నీ 42 × 48లో ఇరికించారు, ఆ లెక్కన ఆయన పని ఆయన చేశారు. ఈసారి గదుల లిస్టు కాకుండా మీ ఇంట్లో పొద్దుటి పూట ఎలా గడుస్తుందో ఒక పేజీ రాసివ్వండి. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్, టేబుల్ అసలు కొలతలతో ప్లాన్‌లో గీయమనండి.

పర్మిషన్‌కి ఇచ్చేశారా, పిల్లర్ల మార్కింగ్ అయిందా అనేది మీరు రాయలేదు. మార్కింగ్ కాకపోతే పైవన్నీ చేయొచ్చు. ఒకవేళ గుంతలు తీసేసి ఉంటే వంటిల్లు, స్టోరు, డైనింగ్ మధ్య గోడలు ఎలాగూ నాలుగున్నర అంగుళాల గోడలే కాబట్టి అవి ఇప్పుడు కూడా జరుగుతాయి. మెట్లకి మాత్రం ఏ పిల్లర్ల మధ్య 12 × 8 ఖాళీ దొరుకుతుందో చూడాలి. పిల్లర్ల లేఅవుట్ ఫొటో ఒకటి కింద పెట్టండి, ఆదివారం కూర్చుని చూస్తాను.